గ్రీకు ‘ఒస్మే’ - తెలుగు ‘వాసన’

పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన రెండవ పత్రికలో, ద్వితీయాధ్యాయమున 14 మొదలు 16 వరకు గల మూడు వచనములందు వాసనను తెలుపు పదము నాలుగు మారులు వచ్చును. మూలమున అందు మూడు ‘ఒస్మే’, ఒకటి ‘యువోదియ’. సామాన్యముగా ప్రచారమందున్న తెలుగు బైబిలులో ఆ నాలుగు స్థానములను చూచినచో రెండింట ‘సువాసన’ అనియు, రెండింట ‘వాసన’ అనియు కనబడును. మూలమున మూడును ఒకటియుగా ఉన్న లెక్క అనువాదమున రెండును రెండునుగా మారినది. ఒక్క ‘సు’ అను ఉపసర్గ మాత్రమే కదా, దీనికింత విచారమేల యని తోచవచ్చును. కాని ఆ వాక్యముయొక్క తాత్పర్యమంతయు ఆ ఉపసర్గ ఉండుట, ఉండకపోవుటలమీదనే నిలిచియున్నదని నా యభిప్రాయము. అది నిరూపించుటకును, తెలుగు అనువాదకుడు చేసిన పని ఎంతవరకు సమర్థనీయమో తూచుటకును ఈ వ్యాసము ఉద్దేశింపబడినది.

‘ఒస్మే’ శబ్దము ‘ఒజో’ (వాసన వేయుచున్నాను) అను క్రియకు సంబంధించినది. దీని ప్రాచీన రూపము ‘ఒద్మే’. హోమరు కావ్యములలో కనబడునది ఇదియే. లాటినులోని ‘ఓదోర్’ శబ్దమునకును దీనికిని ధాతువొక్కటే. హోమరు దీనిని మంచి వాసనకును చెడ్డ వాసనకును భేదము లేక వాడినాడు. ఒడిస్సీ తొమ్మిదవ సర్గమున ఓడిస్సియసు తీసికొనిపోయిన ద్రాక్షసారాయము కలిపిన పాత్రనుండి వెలువడు మధురమైన వాసన ‘ఒద్మే’. నాలుగవ సర్గమున మెనెలాయసు సముద్రపు సీలు మృగముల తోళ్ల క్రింద దాగియుండగా ఆతని ఊపిరి సలుపనీయని దుర్వాసనయు ‘ఒద్మే’యే. ఆ సందర్భమున జలదేవతయైన ఎయిదొథెయ, వచ్చినవారి ముక్కుల క్రింద అమృతప్రాయమైన అంబ్రోసియను పూసి వారిని బ్రతికించినది. మంచిచెడ్డలు చెప్పవలసివచ్చినపుడు కవి విశేషణమును చేర్చును. పదము మాత్రము తటస్థముగానే ఉండును. యజ్ఞమున కాలిన క్రొవ్వుయొక్క ధూమము ఆకాశమునకెక్కుటను చెప్పునప్పుడు ఆయన వాడునది వేరు పదము: ‘క్నీసే’. దేవతలకు ప్రియమైనది ఆ క్నీసేయే. ఈ విషయమును తరువాత జ్ఞప్తికి తెచ్చుకొనవలసియుండును.

అరిస్టాటిలు ఆత్మను గూర్చి వ్రాసిన గ్రంథములో మనుష్యుని ఘ్రాణేంద్రియము తక్కిన జంతువులకంటె మందమైనదనియు, అందుచేతనే వాసనలకు సొంత పేరులు లేక రుచుల పేరులనే ఎరువు తెచ్చుకొందుమనియు చెప్పినాడు. తీపి వాసన, పుల్లని వాసన, ఘాటైన వాసన అనుట ఇందుకు సాక్ష్యము. తెలుగువారి విషయమున ఈ మాట పూర్తిగా చెల్లదని చెప్పక తప్పదు. కమురు, నీచు, మురుగు అను మాటలు మనకు రుచులనుండి వచ్చినవి కావు. కాని ఇవన్నియు చెడ్డవాని పేరులే అగుట గమనింపదగినది. మన తార్కికులు గంధమును సురభి, అసురభి యని రెండుగా విభజించిరి. ఆంధ్రుడని ప్రసిద్ధి గల అన్నంభట్టు తర్కసంగ్రహములోను ఈ విభాగమే ఉన్నది. జాతియైన గంధము తటస్థము, భేదములు రెండు. గ్రీకు ‘ఒస్మే’ ఈ జాతివాచకమువంటిది.

ఇట్టి పదము ధర్మగ్రంథమున ప్రవేశించినది హెబ్రీ గ్రంథమును గ్రీకులోనికి తెచ్చిన సెప్టువజింటు అనువాదము ద్వారా. క్రీస్తు పూర్వము మూడవ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో ఈ అనువాదము ఆరంభమైనది. జలప్రళయానంతరము నోవహు అర్పించిన హోమమును దేవుడు ఆఘ్రాణించెనను సందర్భమున, ఆదికాండము ఎనిమిదవ అధ్యాయము 21వ వచనములో, హెబ్రీయందు ‘రేఅహ్ నీహోఅహ్’ అను జంట పదము ఉన్నది. ‘రేఅహ్’ అనగా వాసన. ‘నీహోఅహ్’ అనునది విశ్రమించుట, నెమ్మదించుట అను అర్థము గల ధాతువునుండి పుట్టినది. కనుక ఆ జంటకు ‘శాంతింపజేయు వాసన’ యని అర్థము. నోవహు (హెబ్రీలో నోఅహ్) అను పేరుతో ఆ మాటకు గల ధ్వనిసామ్యము మూలమును వినినవానికి వెంటనే చెవికి తగులును. ప్రళయము వెలిసినది, క్రోధము శమించినది, వాసన శాంతింపజేసినది. గ్రీకు అనువాదకుడు దీనిని ‘ఒస్మే యువోదియస్’, అనగా ‘సుగంధముయొక్క వాసన’ అని మార్చినాడు. లేవీయకాండము మొదలైన యజ్ఞవిధులలో ఈ జంట మరల మరల వచ్చుటచే, గ్రీకు చదివిన యూదునికి అది ఒక పారిభాషిక పదమే అయిపోయినది.

ఇచ్చట జరిగిన మార్పు పైకి కనబడునంత చిన్నది కాదు. ‘నీహోఅహ్’ వాసనను ఆఘ్రాణించినవానికి ఏమి కలిగినదో చెప్పును; ‘యువోదియ’ వాసన ఎట్టిదో చెప్పును. మొదటిది ఫలమునకు పేరు, రెండవది గుణమునకు పేరు. హెబ్రీ పదమున దృష్టి దేవునియందున్నది. గ్రీకు పదమున దృష్టి ధూపమునకు మరలినది. తెలుగు అనువాదము హెబ్రీనుండి చేయబడినదే యైనను ఇచ్చట ‘ఇంపయిన’ అను విశేషణమును ‘సువాసన’కు చేర్చినది. ‘ఇంపు’ అనుభవించువానికి సంబంధించిన మాట, ‘సు’ వస్తువునకు సంబంధించినది. రెండును కలిపి హెబ్రీకిని గ్రీకుకును న్యాయము చేసినట్లున్నది. ఇది అనువాదకుడు ఎరిగి చేసెనో, చెవికి నచ్చి చేసెనో గాని, ఆ కూర్పు మెచ్చదగినది. గ్రీకు అనువాదకుడు హోమరు నాటి ‘క్నీసే’ను తీసికొనక విడిచిపెట్టుటయు గమనింపవలెను. దేవతలు క్రొవ్వు పొగను ఆరగింతురను భావమును లోనికి రానీయక, తటస్థమైన ‘ఒస్మే’ను గ్రహించి దానికి మంచితనమును విడిగా తగిలించినాడు.

జంటనుండి విడివడి ఒంటరిగా వచ్చిన తావులలో ‘ఒస్మే’ తన పాత తటస్థతను ఏమాత్రము విడువలేదు. ఏశావు వస్త్రములు తొడిగికొని వచ్చిన యాకోబును గ్రుడ్డి తండ్రి ఇస్సాకు వాసన చూచి గుర్తించుట ఆదికాండము 27వ అధ్యాయములో ఉన్నది. పొలముయొక్క వాసన వంటి ఆ వాసన ‘ఒస్మే’. అది నిజముగా ఏశావుదే, కాని మనిషి ఏశావు కాడు. నిర్గమకాండము అయిదవ అధ్యాయమున ఇశ్రాయేలీయుల నాయకులు మోషే అహరోనులపై మొరపెట్టుచు, ఫరో యెదుట తమ ‘ఒస్మే’ను రోతగా చేసిరని అందురు, అక్కడ వాసన అనగా పరువు. యోబు గ్రంథమున నరికివేయబడిన చెట్టు మొద్దు నీటియొక్క ‘ఒస్మే’ సోకగానే చిగురించునని ఉన్నది. యెషయా 34వ అధ్యాయమున యుద్ధభూమిలోని శవములనుండి లేచు దుర్గంధమునకు, ఏ విశేషణమును లేకుండ, ‘ఒస్మే’ అను పదమే వాడబడినది; హెబ్రీలో అక్కడ ఉన్నది ‘రేఅహ్’ కాదు, స్పష్టముగా కుళ్లును తెలుపు వేరు పదము. అనగా సెప్టువజింటు అనువాదకులకు చిగురింపజేయు నీటి వాసనకును కుళ్లిన శవపు వాసనకును ఒకే పదము చాలినది.

క్రొత్త నిబంధనలో ‘ఒస్మే’ ఆరు మారులు మాత్రమే వచ్చును. పైన చెప్పిన కొరింథు పత్రికలో మూడు. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక అయిదవ అధ్యాయమునను, ఫిలిప్పీయులకు వ్రాసినదాని నాలుగవ అధ్యాయమునను ఒక్కొక్కటి. యోహాను సువార్త పండ్రెండవ అధ్యాయమున ఒకటి. ఎఫెసీ, ఫిలిప్పీ పత్రికలలోనిది సెప్టువజింటులోని ఆ యజ్ఞపరమైన జంటయే. వానిని గూర్చి విశేషముగా చెప్పవలసినది లేదు. ‘యువోదియ’ మూడు మారులు వచ్చును. ఫిలిప్పీ పత్రికలోనే కనబడు ఒక స్త్రీ పేరును ఈ పదముతో కలిపి ‘సుగంధి’ యని వ్యాఖ్యానించు ప్రసంగములు వినబడుచుండును. అది పొరపాటు. పదమున నడిమి అచ్చు దీర్ఘము, పేరున హ్రస్వము: ‘యువోదియ’ సుగంధము, ‘యువొదియ’ సుఖప్రయాణము. ఒకారపు హ్రస్వదీర్ఘములకు వేరు గుర్తులున్న మన లిపిలో ఈ భేదము ఎంత సులువుగా తేలునో చూడుడు.

ఇక ప్రధానమైన వచనములకు వత్తము. వాని భావమిది. దేవుడు తమ్మును ఎల్లప్పుడు ఊరేగింపుగా నడిపించుచు, తనను గూర్చిన జ్ఞానముయొక్క ‘ఒస్మే’ను తమ ద్వారా అంతట వెల్లడి చేయుచున్నాడని పౌలు మొదట చెప్పును. పిమ్మట, రక్షింపబడువారి మధ్యను నశించువారి మధ్యను తాము దేవునికి క్రీస్తుయొక్క ‘యువోదియ’ యై యున్నామనును. చివరకు, వీరిలో ఒకరికి మరణమునుండి మరణమునకు పోవు ‘ఒస్మే’ యనియు, ఇంకొకరికి జీవమునుండి జీవమునకు పోవు ‘ఒస్మే’ యనియు చెప్పి, ఇట్టి పనికి చాలినవాడెవడని ప్రశ్నించును.

‘యువోదియ’ ఎవరికి? దేవునికి. ‘ఒస్మే’ ఎవరికి? మనుష్యులకు. మూడు వచనములలోను ఈ విభజన తప్పలేదు. లోకమంతట వ్యాపించునపుడు అది వట్టి వాసన. దేవుని యెదుట సువాసన. మరల మనుష్యులలోనికి వచ్చునప్పటికి వట్టి వాసన. ఆ వట్టి వాసనయే ఒకరికి చావు, ఒకరికి బ్రతుకు. రెండు వాసనలు లేవు. భేదము వాసనయందు లేదు, ఆఘ్రాణించువారియందున్నది. ఇంచుమించు క్రీ. శ. 400 ప్రాంతమువాడైన జాన్ క్రిసోస్తోము ఈ పత్రికపై చేసిన ప్రసంగములలో ఈ యంశమును చక్కగా పట్టుకొనినాడు: పరిమళ తైలమునకు పందులు ఊపిరాడక చచ్చునందురు, వెలుగు రోగము గల కంటిని బాధించును, తేనె జ్వరితునికి చేదగును, అంతమాత్రమున తైలము దుర్గంధము కాదు, వెలుగు చీకటి కాదు అని ఆయన వాదము. సుగంధము కొన్ని ప్రాణులకు ప్రాణాంతకమని ప్రాచీనులలో ఒక నమ్మకము ఉండెడిది. దాని సత్యాసత్యములతో మనకు పని లేదు.

ఈ ఉపమానము పౌలునకు ఎచ్చటనుండి వచ్చినదన్న విషయమున పండితులు ఏకాభిప్రాయులు కారు. యజ్ఞధూపమని కొందరందురు, ‘యువోదియ’ అను పదమే వారికి ఆధారము. ఊరేగింపును తెలుపు ‘థ్రియాంబెవో’ అను క్రియను పట్టుకొని, రోమనులు జరుపు విజయోత్సవమే దీనికి మూలమని మరికొందరందురు. విజయియైన సేనాపతి రథముమీద పోవుచుండగా వీధులలో ధూపము వేయుదురు. సంకెలలతో నడచు బందీలలో కొందరు ఊరేగింపు ముగియగానే చంపబడుదురు. క్రీస్తు పూర్వము 46లో జూలియస్ సీజరు విజయోత్సవమున నడిపింపబడిన గాలు నాయకుడు వెర్సింగెటోరిక్సు గతి ఇదియే. ఒకే ధూపము, రథముమీదివానికి జయము, సంకెలలోనివానికి చావు. ఈ వాదమున గల బలము తెలియుచునే ఉన్నది. టి. డబ్ల్యు. మాన్సన్ అను పండితుడు 1953లో మూడవ మార్గమును సూచించెను: ధర్మశాస్త్రము ఒకనికి జీవౌషధము, ఒకనికి మృత్యువిషము అని యూదు గురువులు చెప్పుమాటకు ఇది ఛాయ యని. తాల్ముదులో ఆ మాట ఉన్నది. కాని తాల్ముదు సంకలనము పౌలునకు కొన్ని శతాబ్దములు తరువాతిది గావున, అంతకుముందే ఆ నానుడి వాడుకలో ఉండెనని ఒప్పుకొన్నపుడే ఈ సూచన నిలుచును. నాకు వీనిలో ఏదియు తక్కినవానిని త్రోసివేయవలసినంత బలము గలదిగా తోచదు. ఏ మూలమును గ్రహించినను పదార్థము మారదు: వాసన ఒక్కటి, గతులు రెండు.

ఊరేగింపును గూర్చి ఒక మాట చెప్పక విడువలేను. గ్రీకు క్రియకు కర్మగా మనుష్యులు వచ్చినపుడు, వారిని బందీలుగా ఊరేగించుట యనియే సాధారణార్థము. అనగా పౌలు రథముమీద లేడు, సంకెలలో నడచుచున్నాడు. తెలుగు అనువాదకుడు ‘ఊరేగించు’ అను క్రియనే వాడినాడు. మనము దేవుని పల్లకిలో ఊరేగింతుము. తప్పు చేసినవానిని గాడిదపై ఊరేగింతుము. గౌరవమునకును అవమానమునకును ఒక్క మాటయే. దానికి ముందు ‘విజయోత్సవముతో’ అను మాటను చేర్చుటచే గౌరవము వైపు మొగ్గు కలిగినదిగాని, క్రియ మాత్రము రెండు త్రోవలను తెరచియే ఉంచినది.

అన్యభాషల అనువాదములు ఈ వచనములయందు ఎట్లు వర్తించినవి? లాటిను వల్గేటు ‘ఒస్మే’ ఉన్నచోట ‘ఓదోర్’ అనియు, ‘యువోదియ’ ఉన్నచోట మంచి అను విశేషణమును చేర్చియు మూలములోని లెక్కను సరిగా నిలిపినది. 1611 నాటి ఆంగ్లానువాదమును అట్లే నిలిపినది. ఇరువదవ శతాబ్దపు ఆంగ్లానువాదములలో మాత్రము తడబాటు కలదు. 1946లో వెలువడిన సవరించిన ప్రామాణిక అనువాదము నాలుగు తావులలోను పరిమళమును తెలుపు మాటలనే వాడి, మరణమునకును పరిమళమునే అంటగట్టినది. 1961 నాటి నూతన ఆంగ్లానువాదము ఇందుకు విరుద్ధముగా, మరణము వైపు విషధూమమును, జీవము వైపు పరిమళమును పెట్టినది. మొదటి పొరపాటుకంటె ఈ రెండవది చాల పెద్దదని నా తలంపు. ఒక వాసనను రెండు వాసనలుగా చీల్చినపుడు, నశించువాడు దుర్గంధమును చూచి తొలగిపోయినట్లగును, అతని తప్పేమున్నది? దుర్గంధమునుండి ఎవడు తొలగడు? వానికి తగిలినదియు అదే వాసన యగుటయే పౌలు వాక్యమున గల భయంకరత్వము.

తెలుగు అనువాదము ఈ కీలకస్థానమున తప్పలేదు. మరణమునకును జీవమునకును ‘వాసన’ అను ఒక్క పదమునే రెండు మారులు వాడినది. ఇది తెలుగు పదముయొక్క అదృష్టమును కూడ. మల్లెపూల వాసన అందుము, మురుగు వాసన అందుము. మన భాషలోని ఇతర పదములు ఇంత తటస్థతను నిలుపుకొనలేకపోయినవి. ‘కంపు’ చూడుడు. కన్నడమున ‘కంపు’ నేటికిని పరిమళము, మనకది దుర్గంధము. పొరుగువాని నోట పూవైనది మన నోట కుళ్లైనది. తమిళమున ‘నాట్రము’ ప్రాచీనకాలమున సువాసన, ఇప్పుడు దుర్వాసన. ‘తావి’, ‘పరిమళము’ ఎప్పుడును మంచి వైపే ఉన్నవి. ‘గంధము’ అన్నచో మనకు ముందుగా తోచునది చందనము. మిగిలినది ‘వాసన’ ఒక్కటే. అదియు వ్యవహారమున చెడ్డ వైపునకు కొంత జారుచున్నదనుట నిజము; ‘వాసన వచ్చుచున్నది’ అని ఊరకే అన్నచో విన్నవాడు ముక్కు మూసికొనును.

ఆ వచనమున వేరొక లోపము ఉన్నది. ‘మరణార్థమైన’, ‘మరణపు’ అను రెండు విశేషణములు గ్రీకు మూలములో ‘నుండి’ అను అర్థము గల అవ్యయము లేని పాఠమునకు సరిపోవును. క్రీ. శ. 200 ప్రాంతమునాటి దని చెప్పబడు పపైరసు ప్రతిలోను, సీనాయి, వాటికను ప్రతులలోను ఆ అవ్యయము కలదు. ప్రాచీన పాఠమునకు ‘మరణమునుండి మరణమునకు’ అని అర్థము. అచ్చట వాసన ఒక స్థితి కాదు, ఒక గమనము.

ఇక మొదట ఎత్తుకొన్న ‘సు’ను గూర్చి. పదునాలుగవ వచనమున మూలములో లేని ‘సు’ను అనువాదకుడు ఎందుకు చేర్చెను? భక్తిచే చేర్చెనని తేలికగా అనవచ్చును. నేనును చాలకాలము అట్లే అనుకొంటిని. కాని అక్కడ ‘జ్ఞానముయొక్క వాసన’ అని ఉంచి చదివి చూడుడు. ‘చదువు వాసన లేనివాడు’, ‘సంస్కృతపు వాసన కొంచెము సోకినవాడు’ అను వాడుకలు గల భాషలో, జ్ఞానపు వాసన యనగా జ్ఞానలేశము అని అర్థమగును. పౌలు లోకమంతట దైవజ్ఞానలేశమును చల్లుచున్నాడని చదువరి తలంచును. దీనికి తోడు పూర్వజన్మ సంస్కారమను శాస్త్రార్థము ఒకటి ఆ పదమును వెన్నంటియున్నది. ఈ అనర్థమును తప్పించుటకు ‘సు’ను చేర్చెనన్నచో అది అజ్ఞానము కాదు, తన భాషను ఎరిగినవాడు పడిన జాగ్రత్త. అయినను అందుకు చెల్లించిన మూల్యము తక్కువది కాదు. మొదటనే వాసన మంచిదని తేల్చివేసినచో, పదునైదవ వచనమున ‘దేవునికి’ అను మాటకు పని లేకపోవును. దేవునికి మాత్రమే సువాసన యనుట పోయి, అందరికిని సువాసన యైనది కొందరికెట్లో చెడినది అను భావము వచ్చును. ‘వాసన’ అనియే ఉంచి, దాని తరువాతి క్రియను ‘వ్యాపింపజేయు’ అని మార్చినచో, లేశమను అర్థము తనంత తానే తొలగియుండెడిది. లేశము వ్యాపింపదు గదా.

యోహాను సువార్తలో ఇదే అనువాదకుని చేయి వేరు విధముగా పనిచేసినది. పదునొకండవ అధ్యాయమున లాజరు సమాధి రాతిని తీయుమన్నపుడు, నాలుగు దినములైనదని మార్త అడ్డుపడును. ఆమె వాడిన గ్రీకు క్రియ ‘ఒజో’ రూపమే. తెలుగున ఆమె శవము ‘వాసనకొట్టు’నని అనును. పండ్రెండవ అధ్యాయమున అదే బేతనియలో, ఆ లాజరే భోజనమునకు కూర్చుండియుండగా, మార్త వడ్డించుచుండగా, మరియ యేసు పాదములకు జటామాంసి తైలమును పూయును. అది హిమాలయములలో మొలచు మూలిక. గ్రీకు ‘నార్దొస్’ శబ్దము సంస్కృత ‘నలద’ శబ్దమునుండి బయలుదేరినదేయని నిరుక్తకారుల అభిప్రాయము. మూడు వందల దేనారములు చేయునదని ఇస్కరియోతు యూదా అంచనా వేసిన ఆ తైలముయొక్క ‘ఒస్మే’తో ఇల్లు నిండెనని సువార్తికుడు వ్రాసినాడు. ‘యువోదియ’ అనలేదు. అది పాతిపెట్టు దినమునకై యని యేసు చెప్పుటచే మరణము ఆ యింటిలోనికి మరల వచ్చినది. సమాధియొద్ద ‘ఒజో’, ఇంటిలో ‘ఒస్మే’, ధాతువొక్కటే. ఆంగ్లములో కుళ్లునకొక మాట, పరిమళమునకొక మాట వచ్చి ఈ బంధము తెగినది. తెలుగులో తైలము ‘అత్తరు’గా మారిపోయినను, సమాధియొద్ద ‘వాసనకొట్టు’, ఇంటిలో ‘వాసన’ అని ఉండుటచే ఆ బంధము తెగలేదు. ఇచ్చట ‘సు’ను చేర్చుటకు ఏ అడ్డంకియు లేకున్నను అనువాదకుడు చేర్చలేదు.